మెరుపు పోయిన దారి

ఆ మధ్యాహ్నం టీచర్ చేసిందల్లా ఒక్కసారి తల ఊపడం.

ఇంటావిడ ముందు గదిలో కిటికీకి ఎదురుగా నిలబడి, జారిపోతున్న కళ్ళద్దాలను చూపుడువేలితో పైకి తోసుకుంటూ నేలను చూస్తోంది. తెల్లని పాలరాయి నేల అది. ఒక పలకలోని బూడిదరంగు చార పక్క పలకలోకి ఎక్కడా తెగకుండా సాగేటట్టు, ఎవరో ఓపికగా ఏరి పరిచిన నేల. నాలుగేళ్ళ క్రితం ఈ ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఆవిడ కుళాయిల గురించి గానీ, తలుపుల గురించి గానీ ఒక్క మాట చెప్పలేదు. నేల గురించి మాత్రం అరగంట చెప్పింది. యాసిడ్ పొరపాటున కూడా తగలకూడదు. ఫినాయిల్ వద్దు. కుర్చీల కాళ్ళకు గుడ్డముక్కలు అంటించాలి. పొడి చీపురుతో ఇసుక రేణువులన్నీ తీశాకే తడిగుడ్డ పెట్టాలి, లేకపోతే ఆ ఇసుకే రాయిని గీరుతుంది. ఇదంతా ఒప్పంద పత్రంలో కూడా ఒక పేరాగా ఎక్కింది.

ఇప్పుడు ఆ నేల మీద, వంటగది గుమ్మం నుంచి కిటికీ దాకా, మెరుపు పోయిన దారి ఒకటి కనిపిస్తోంది. రంగు అంతగా మారలేదు, మురికి కాలేదు. వెలుగు మీద పడినప్పుడు మిగతా నేల మెరుస్తుంటే, ఆ మేర మాత్రం చూపు ఆనని కన్నులా ఉంది. కిటికీ కింద, మొన్నటిదాకా ఆసుపత్రి మంచం ఉన్నచోట, అది మరీ చిక్కబడింది. మంచం అద్దెకు తెచ్చింది. చెల్లెలు పోయిన నెల రోజులకు గాని దాన్ని తిరిగి పంపాలన్న సంగతి టీచర్‌కు తోచలేదు. అది వెళ్ళిపోవడంతో నేల బయటపడింది.

"ఇది యాసిడ్ పని," అంది ఇంటావిడ. "నా కళ్ళకి తెలీదా? బాత్రూమ్ కడిగే సీసా తెచ్చి ఇక్కడ ఒంపేసింది మీ పనామె. పని తొందరగా తెమిలిపోతుందని."

ఆ పనామెకు తొందర అన్నది పుట్టుకతోనే లేదని ఆ భవనంలో ఆరు వాటాల వాళ్ళకూ తెలుసు. రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదాంట్లో గుడ్డ తడిపి, ఇంకోదాంట్లో జాడించి, వెనక్కి వెనక్కి జరుగుతూ తుడిచి, ఆ మీదట పొడిగుడ్డతో మళ్ళీ తుడిచేది. ఒక గది ముగిసేసరికి పక్క వాటాలో వంటలు ముగిసేవి. అందుకే ఆమెకు నిదానమ్మ అని పేరు పడింది. అసలు పేరు ఎవరూ అడిగినట్టు లేదు.

నిదానమ్మ వంటగది గుమ్మంలోనే ఉంది, చేతిలో గుడ్డతో.

"నేను యాసిడ్ వాడలేదమ్మా," అంది.

"మరి దానంతటదే పోయిందా మెరుపు? నడిచి వెళ్ళిపోయిందా?" ఇంటావిడ టీచర్ వైపు తిరిగింది. "మీరు చెప్పండి టీచరుగారూ. ఈ ఇంట్లో నేల తుడిచేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు."

"అంటే ఈమె చేసిందేగా?"

నిదానమ్మ అప్పుడు టీచర్ ముఖంలోకి చూసింది. ఆ చూపులో ప్రాధేయపడటం లేదు. జవాబు కోసం ఆగి ఉండటం మాత్రమే ఉంది. టీచర్ తల ఊపింది.

ఏ ప్రశ్నకు జవాబుగా ఊపిందో ఆమెకే తరువాత స్పష్టంగా గుర్తురాలేదు. నెల రోజులుగా ఆమె అలాగే ఊపుతూ వచ్చింది: ఆసుపత్రి కాగితాల మీద సంతకం పెట్టాల్సిన చోటు చూపించిన గుమాస్తాకు, సెలవు పొడిగించుకోమన్న కాలేజీ ప్రిన్సిపాల్‌కు, మంచం మరలు విప్పి తీసుకెళ్ళినవాడికి. ఎదుటివాళ్ళ మాట ఆగిన చోట తల కదిలేది, అంతే. ఆ కదలిక వెనుక ఆమె లేదు. కానీ తల ఊపితే జరగవలసిన పని, ఊపినవాళ్ళు అక్కడ ఉన్నారా లేదా అని చూసి ఆగదు.

నిదానమ్మ గుడ్డను పిండింది. బకెట్ అంచు మీద ఆరేసింది. చేతులు తుడుచుకుని, తలుపు వెనక ఉన్న చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. మెట్లు కూడా ఒక్కొక్కటే, నిదానంగా.

సాయంత్రానికి ఆరు వాటాలకూ తెలిసింది. వాటిలో నాలుగు వాటాల్లో నిదానమ్మదే పని. గేటు దగ్గరి వాచ్‌మన్‌కు ఇంటావిడ స్వయంగా చెప్పింది, ఆమెను లోపలికి రానివ్వొద్దని. టీచర్‌కు చెప్పింది వేరు. "నాకు తెలిసిన పాలిష్ మేస్త్రి ఉన్నాడు, ఎల్లుండి పంపిస్తాను. నేల మళ్ళీ ఎలా ఉండేదో అలా కావాలి నాకు. లేకపోతే ఇల్లు ఖాళీ చేద్దురుగాని. బాధలో ఉన్నారు, నేనూ కాదనను. కానీ ఈ నేల మావారు పరిచింది."

టీచర్ మళ్ళీ తల ఊపింది.

మరుసటి రోజు ఇల్లు తానే తుడిచింది. పొడి చీపురు వాడటం మరిచిపోయి ముందే తడిగుడ్డ పెట్టింది, గుడ్డ సరిగ్గా పిండలేదు, నీళ్ళు చారలు కట్టాయి. చారలు ఆరేదాకా గది మధ్యలో నిలబడి చూసింది. తరువాత కిటికీ పక్క అలమారలో దుమ్ము దులిపింది. ఆ అలమార చెల్లెలిది. దువ్వెన, నూనె సీసా, గాజుల డబ్బా, చదవడం సగంలో ఆగిన పుస్తకం. దేన్నీ తీయలేదు, ఎత్తి కింద తుడిచి మళ్ళీ అదే చోట పెట్టింది. నూనె సీసా ఎత్తినప్పుడు తేలిగ్గా అనిపించింది. అడుగున ఒక్క చెంచా నూనె ఉంది.

చికిత్స మొదలవడానికి వారం ముందు కొన్న సీసా అది. మూడో వారానికే జుట్టు రాలిపోయింది. మూత తీసి రెండు మూడు సార్లకు మించి వాడి ఉండదు. ఖాళీ ఎలా అయింది? ప్రశ్న వచ్చింది, వచ్చినట్టే పోయింది. ఆ రోజుల్లో ప్రశ్నలన్నీ అలాగే వచ్చి పోయేవి.

పాలిష్ మేస్త్రి చెప్పినరోజే వచ్చాడు. అరవై దాటినవాడు. మోకాళ్ళకు రబ్బరు తొడుగులు, భుజాన యంత్రం, ఒక చేతిలో గరుకు నుంచి నునుపు దాకా వరుసగా పేర్చిన అరగదీసే బిళ్ళల పెట్టె. అతడు రావడం చూసి ఇంటావిడ కూడా వెనకే మెట్లెక్కి వచ్చింది.

మేస్త్రి యంత్రం తీయలేదు. ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతితో నేలను నిమిరాడు.

"ఎన్నాళ్ళయింది మేడమ్ ఇలా అయి?"

"తెలీదు," అంది టీచర్.

"డాక్టర్ దగ్గరికి పోయినట్టే నా దగ్గరికీ ముదిరాకే వస్తారు జనం." వేలిగోరుతో ఒకచోట గీసి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోచోట గీసి మళ్ళీ వాసన చూశాడు. "ఇదేంటి? దీనిమీద నూనె రాశారే."

"నూనా?" అంది ఇంటావిడ.

"నూనెనండీ. తలకి రాసుకునేది. సువాసన ఇంకా వస్తోంది చూడండి." వేలు చాపాడు, ఎవరూ వాసన చూడలేదు. "పుల్లటిదో, యాసిడో తగిలి రాయి పైపొర తినేసుకుపోయింది. పోయిన మెరుపు కనపడకుండా పైన ఎవరో నూనె పట్టించారు. తడి మెరుపు వస్తుంది కదా, వారం పది రోజులు తెలీదు. మళ్ళీ రాయాలి. అలా రాయగా రాయగా నూనె లోపలికి ఇంకి, ఇదిగో, ఇలా పసుపు తిరుగుతుంది. చాలా ఓపిగ్గా చేశారు. ప్రతి మరకా విడివిడిగా, పక్క రాయికి అంటకుండా."

ఇంటావిడ రెండు చేతులూ నడుముకు ఆనించింది. "విన్నారా టీచరుగారూ? చేసిందే కాక కప్పిపెట్టింది. చూస్తే నోట్లో నాలుక లేనట్టుంటుంది. నూనె రాసిందట, నూనె! అదీ తన ఇంటినుంచి తెచ్చి ఉంటుందనుకుంటున్నారా?"

టీచర్ అలమార వైపు చూసింది. "మా చెల్లెలి సీసా ఖాళీగా ఉంది," అంది.

ఆ మాట అనవలసిన అవసరం లేదు. ఎవరూ అడగలేదు. పరిశీలించినది చెప్పడం ఆమెకు వృత్తిలో పడిన అలవాటు. ఆ క్షణంలో ఆమెలో మిగిలి ఉన్నది ఆ అలవాటు ఒక్కటే. ఇంటావిడ ముఖంలో తృప్తి, ఆ వెంటనే కొంచెం జాలి కనిపించాయి.

"పోయిన మనిషి సీసా," అంది నెమ్మదిగా. "చేతులెలా వచ్చాయో."

సాయంత్రానికి ఆ సంగతీ ఆరు వాటాలకు చేరింది. ముందురోజు దాకా నిదానమ్మ నిర్లక్ష్యపు మనిషి, ఇప్పుడు దొంగ. ఈ రెండో మాట టీచర్ ఇచ్చిన ఆధారంతో పుట్టింది.

మేస్త్రి ఆ రోజు నేలను అరగదీయలేదు. తెల్లని పొడిని పెరుగులా కలిపి, మరకల మీద అంగుళం మందాన మెత్తి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, అంచులకు టేపు వేశాడు. రాయిలోని నూనెను ఆ ముద్ద ఒక రోజులో పైకి లాగుతుందట. గది నిండా కట్లు కట్టినట్టయింది. టీచర్ వాటి పక్క నుంచి, గోడ వారగా, వంటగదికీ పడకగదికీ నడిచింది.

మరునాడు పొద్దున మేస్త్రి కట్లన్నీ విప్పి, ఎండి పెళుసెక్కిన పొడిని చెక్కపారతో ఎత్తి, నేలను కడిగి ఆరబెట్టాడు. పసుపు పోయింది. మెరుపు లేని చోట్లు మాత్రం అలాగే ఉన్నాయి, ఇంకా స్పష్టంగా.

"ఒక సాయం చెయ్యాలి మేడమ్," అన్నాడు, జేబులోంచి పెన్సిల్ తీసి. "నా కళ్ళకి ఈ మధ్య సన్నవి ఆనడం లేదు. యంత్రం పెడితే తడిలో ఏదెక్కడుందో తెలీదు. మీరు కిందికి వంగి, కిటికీ వెలుగు ఎదురుగా పెట్టుకుని చూడండి. మరక ఉన్నచోటల్లా చుట్టూ గీత గీయండి. ఊరికే వంగితే కుదరదు. చెంప నేలకి ఆనిపోవాలి."

టీచర్ చేతికి పని దొరికింది. కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, కిటికీ కింద పడుకుని, చెంప రాతికి ఆనించింది. రాయి చల్లగా ఉంది. ఆ ఎత్తు నుంచి నేల ఒక నీటి చెరువులా పరుచుకుని కనిపించింది. కిటికీ వెలుగు దాని మీద ఏకంగా పారుతోంది. ఆ వెలుగులో చిన్న చిన్న దీవులు. పైనుంచి చూసినప్పుడు ఒకే దారిలా కలిసిపోయి కనిపించినవి, ఇక్కడి నుంచి విడివిడి చుక్కలు. వేలి కొన అంత కొన్ని, గోళీకాయ అంత కొన్ని. యాసిడ్ సీసా ఒంపి గుడ్డతో పామితే మరక గుడ్డ పోయిన దిక్కున సాగి ఉండాలి. ఇవి సాగలేదు. పడినచోటే పడ్డాయి.

ఆమె గీయడం మొదలుపెట్టింది. ఒక చుక్క, దాని పక్కనే ఇంకో రెండు. తరువాత కొంత ఖాళీ. మళ్ళీ రెండు మూడు చుక్కలు. మళ్ళీ అంతే ఖాళీ. మోచేతుల మీద పాకుతూ, పెన్సిల్ చెక్కుకుంటూ, వంటగది గుమ్మం దాకా గీసింది. లేచి నిలబడి వెనక్కి చూసింది. గుంపుకూ గుంపుకూ మధ్య దూరం ఒకటే. ఆ దూరం ఆమెకు తెలిసినట్టుంది. గుమ్మం దగ్గరి గుంపు పక్కన కుడికాలు పెట్టి మామూలుగా నడిచింది. ఎడమకాలు రెండో గుంపు పక్కన పడింది. మళ్ళీ కుడికాలు మూడోదాని పక్కన.

మంచం ఉన్నచోట చుక్కలతో పాటు ఒకదాని మీద ఒకటి ఎక్కిన వలయాలు ఉన్నాయి. టీచర్ వంటగదిలోకి వెళ్ళి స్టీలు గ్లాసు తెచ్చి, ఒక వలయం మీద పెట్టింది. గీతకూ గ్లాసు అడుగుకూ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు.

నిమ్మరసం. చెల్లెలి కడుపులో ఏదీ నిలవని ఆ నాలుగు నెలల్లో నిలిచింది అదొక్కటే. అరచెక్క నిమ్మకాయ, రెండు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు. రోజుకు ఆరేడు సార్లు. చెల్లెలు పిలిచినప్పుడల్లా టీచర్ గ్లాసును అంచుదాకా నింపి, సగం నిద్రలో గబగబా తెచ్చేది. తొణికేది. తొణికిందని ఆమెకు ఎన్నడూ తెలియలేదు. కళ్ళు మంచం మీద ఉండేవి.

ఇరవై రెండేళ్ళుగా ప్రతి జూనియర్ బ్యాచ్‌కూ మొదటి నెలలో ఆమె చేసి చూపించే ప్రయోగం ఒకటి ఉంది. గాజు పళ్ళెంలో పాలరాతి ముక్క, దాని మీద ఆమ్లం ఒక చుక్క. బుస్సుమని నురగ లేస్తుంది, వెనక బెంచీలవాళ్ళు లేచి నిలబడతారు. "ఇంట్లో నిమ్మకాయతో కూడా చేసుకోవచ్చు, నెమ్మదిగా జరుగుతుంది, అంతే," అని ప్రతి ఏడాదీ అదే చోట, అదే గొంతుతో చెప్పేది.

మేస్త్రి నీటి గొట్టం తగిలించి యంత్రం అందుకున్నాడు.

"ఆపండి మేస్త్రీ," అంది టీచర్.

"ఎందుకు మేడమ్? బాగా గీశారుగా. మా వాళ్ళు కూడా ఇంత శుభ్రంగా గీయరు."

"అరగదీస్తే ఇవన్నీ పోతాయి కదా?"

"పోవడానికేగా నేనొచ్చింది!"

"నేను కబురు పెట్టాక రండి. ఇంటావిడ చూశాక చేద్దురుగాని."

అతడు ఆమె ముఖం చూశాడు, నేల మీది పెన్సిల్ గీతలు చూశాడు, గ్లాసు చూశాడు. నలభై ఏళ్ళు ఇతరుల ఇళ్ళలో మోకాళ్ళ మీద తిరిగినవాడు. ఇంకేమీ అడగకుండా గొట్టం చుట్ట చుట్టాడు.

ఆ రాత్రి టీచర్‌కు ఏడుపు రావలసింది. రాలేదు. మరుసటి రోజు ఏ వరుసలో ఏం చెప్పాలో పాఠం తయారుచేసుకున్నట్టు తయారుచేసుకుని పడుకుంది.

పొద్దున ఇంటావిడ వచ్చేసరికి ముందు గుమ్మం దగ్గర ఒక కుర్చీ ఉంది. కుర్చీ పక్కన, గీతలు లేని, మెరుపు చెక్కుచెదరని ఒక పలక. దాని పక్కన కోసిన నిమ్మచెక్క.

"కూర్చోండి," అంది టీచర్.

"ఏంటిది టీచరుగారూ, పని ఇంకా మొదలే పెట్టలేదా? ఈ గీతలేంటి?"

టీచర్ మోకాళ్ళ మీద కూర్చుని, నిమ్మచెక్కను పలక మీద పిండింది. నాలుగు చుక్కలు పడ్డాయి.

ఇంటావిడ కుర్చీలోంచి సగం లేచింది. "అయ్యయ్యో! మతి పోయిందా మీకు? తుడవండి, తుడవండి ముందు!"

"పది నిమిషాలు ఆగండి."

"నా నేల అది!"

"మీ నేలే. ఆగండి, దయచేసి."

ఆ గొంతులో ఏదో ఉంది, తరగతిని కూర్చోబెట్టే గొంతు. ఇంటావిడ కూర్చుంది. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. చుక్కల అంచుల్లో కంటికి కనపడీ కనపడనంత సన్నని బుడగలు లేస్తున్నాయి. ఇద్దరూ వాటినే చూస్తూ ఉండిపోయారు.

"ఈ చారలు చూశారా," అంది ఇంటావిడ కాసేపటికి, ఎవరితోనో అన్నట్టు. "పలకలన్నీ పెరట్లో పరిచి, ఏ చార దేనితో కలుస్తుందో చూసి, సుద్దముక్కతో అంకెలు వేసుకున్నారు మావారు. నెల పట్టింది. పనివాళ్ళు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను." కళ్ళద్దాలు మళ్ళీ పైకి తోసుకుంది. "పని అయ్యాక ఈ గదిలో ఒక్కరోజు కూడా ఉండలేదు ఆయన. కిందే పోయారు."

టీచర్ గడియారం చూసి, తడిగుడ్డతో చుక్కలు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టింది. మెరిసే పలక మధ్యలో నాలుగు కళ తప్పిన చుక్కలు. ఆమె ఇంటావిడ చెయ్యి పట్టుకుని కిందికి వంచి, పెన్సిల్ గీతల్లోని చుక్కలను, తరువాత గ్లాసును, వలయాన్ని చూపించింది. వంటగది గుమ్మం నుంచి కిటికీ దాకా నడిచి, అడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపించింది.

"నేను మా చెల్లెలికి తెచ్చిన నిమ్మరసం ఇది. నిదానమ్మ యాసిడ్ పొయ్యలేదు. నేల పాడుచేసింది నేను."

ఇంటావిడ కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది.

"మరి నూనె?" అంది చివరికి.

"నూనె సంగతి నాకు తెలీదు. తెలీకుండానే ఆ మాట అన్నాను. అనకూడదు."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. ఇవాళ్టికి పాలిష్ కూడా అయిపోయేది."

"అవును."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి? నేల పాడైతే ఖాళీ చేయాలని మీరూ నేనూ సంతకాలు పెట్టుకున్నాం. ఆమె చేస్తే ఒకటీ మీరు చేస్తే ఒకటీ కాదుగా."

"కాదు. వచ్చే నెలాఖరుకి ఖాళీ చేస్తాను. పాలిష్ చేయించే ఇస్తాను. గేటు దగ్గర చెప్పండి, ఆ నాలుగు ఇళ్ళల్లో చెప్పండి. అదే నేను అడిగేది."

ఇంటావిడ లేచింది. గుమ్మం దగ్గర ఆగి, కొత్తగా పడిన నాలుగు చుక్కలను తొక్కకుండా పక్కగా అడుగు వేసింది. "చెప్తాను. అన్నది నేనే కాబట్టి నేనే చెప్తాను," అంది, వెనక్కి తిరగకుండా.

నిదానమ్మ ఇల్లు ఎక్కడో టీచర్‌కు తెలియదు. నాలుగేళ్ళు రోజూ తన ఇంట్లోకి వచ్చిన మనిషి ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కసారీ అడగలేదు. వాచ్‌మన్‌కు తెలుసు. "రమ్మంటే వస్తుందో రాదో," అన్నాడతడు, తల గోక్కుంటూ. "కబురు మాత్రం పంపుతాలెండి."

మూడో రోజు పొద్దున ఆమె వచ్చింది. చెప్పులు తలుపు వెనక ఎప్పటిచోటే విడిచింది. నేల వైపు చూసింది. మేస్త్రికి టీచర్ ఇంకా కబురు పెట్టలేదు, గీతలన్నీ అలాగే ఉన్నాయి.

"గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ వేస్తానన్నాడమ్మా నాకు," అంది. "మూడో వాటా ఆవిడ ఎదురొచ్చి పలకరించింది. ఏం జరిగిందేంటి?"

టీచర్ చెప్పింది. చుక్కలు, అడుగులు, గ్లాసు, నిమ్మచెక్క. తాను తల ఊపిన సంగతి, అడగకుండానే సీసా గురించి చెప్పిన సంగతి కూడా వరుసలో చెప్పింది. "తప్పు నాది. నీ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను," అంది.

నిదానమ్మ గుమ్మం దగ్గరి నాలుగు చుక్కల ముందు గొంతుక్కూర్చుని వేలితో తడిమింది. "ఇవి కొత్తవి. ఇవి ఎవరు చేశారు?"

"నేనే. చూపించడానికి."

"బావుంది. ఉన్నవి చాలలేదు కాబోలు." ఆమె మూతి ఒక పక్కకు వంగింది, నవ్వుకు దగ్గరగా. "నాకు తెలుసమ్మా. ముందునుంచీ తెలుసు. పొద్దున్నే తుడిచేది నేను కాదూ? జిగురుగా తగిలేవి. తుడిస్తే జిగురు పోయేది, మచ్చ ఉండిపోయేది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చిన్నమ్మ చెప్పొద్దంది."

టీచర్ గోడకు ఆనుకుంది.

"మొదట చూసింది తనే," అంది నిదానమ్మ. "మంచం మీద పక్కకి తిరిగి పడుకుంటుంది కదా, కిటికీ వెలుగులో అక్కణ్ణించి బాగా కనపడతాయంట. ఓ రోజు మీరు కాలేజీకి పోయాక పిలిచి చూపించింది. 'ఇంటావిడ చూస్తే అక్కని పొమ్మంటుంది, నేను ఎటూ పోతాను, అక్క ఎక్కడికి పోతుంది' అంది. ఆ నూనె తనే ఇచ్చింది. 'నాకు జుట్టు లేదుగా, నేలకైనా రాయి' అని నవ్వింది. ఎట్లా రాయాలో కూడా తనే చెప్పేది పడుకుని. ఇటు, ఇంకొంచెం ఇటు, అక్కడ వదిలేశావ్ అని. రోజూ మీరు పోయాక అదే పని మాకు." కొంగుతో లేని దుమ్ము తుడిచింది. "అక్కకి తెలిస్తే ఇంకా బాధపడుద్ది, ఒట్టెయ్యి అంది. వేశాను. మనిషి పోయింది కదా అని ఒట్టు పోదు కదమ్మా."

"మరి ఇప్పుడు చెప్తున్నావు."

"ఇప్పుడు మీకు తెలిసిపోయిందిగా. ఇంక దాచేదేముంది?" తనలో తాను అనుకున్నట్టు అంది: "నూనె అడుగంటాక భయపడింది పాపం, ఇంక మచ్చ పడితే కప్పేదెట్లా అని. అందుకేగా ఆఖరి పది రోజులూ మంచినీళ్ళే అడిగింది."

ఆమె లేచి బకెట్ల కోసం వెనక వరండా వైపు వెళ్ళింది.

ఆఖరి పది రోజులు. "వద్దక్కా, పులుపెక్కువైంది" అంది చెల్లెలు మొదటిసారి. టీచర్ అరచెక్క బదులు పావుచెక్క పిండింది. "ఇంకా పుల్లగానే ఉంది." పంచదార పెంచింది. "ఊహూ. మంచినీళ్ళియ్యి చాలు." ఆ మంచినీళ్ళు కడుపులో నిలిచేవి కావు. అయినా అవే అడిగింది. ఉన్న ఒక్క దారీ తన చేతి కొలత తప్పడం వల్లే మూసుకుపోయిందని టీచర్ ఈ నెలన్నరా ఎవరితోనూ అనలేదు. తనలో తాను కూడా పూర్తి వాక్యంగా అనుకోలేదు.

ఆమె వంటగదిలోకి వెళ్ళింది. ప్రదర్శనకు కోసిన కాయలో మిగిలిన అరచెక్క పళ్ళెంలో ఉంది, అంచులు ఎండాయి. దాన్ని పక్కకు పెట్టి కొత్తకాయ కోసింది. స్టీలు గ్లాసులో అంచుదాకా నీళ్ళు పోసింది. అరచెక్క. రెండు చెంచాల పంచదార, చెంచా అంచును వేలితో సమం చేసి. చిటికెడు ఉప్పు. అడుగున ఒక్క పలుకు మిగలకుండా కలిపింది. ముందు గదిలో నిదానమ్మ పొడి చీపురు నేలను ఒరుసుకునే చప్పుడు వినిపిస్తోంది, తొందర లేకుండా, ఒక పలక తరువాత ఒక పలక.

టీచర్ గిన్నెలు కడిగే సింకు మీదికి వంగి, ఒక్క చుక్క కిందపడకుండా, గ్లాసు ఎత్తి తాగింది. నోట్లో కాసేపు నిలుపుకుని, మళ్ళీ తాగింది.

సరిగ్గానే ఉంది. పులుపు ఏమాత్రం ఎక్కువ కాలేదు.